అనైసోసైటోసిస్ క్యాన్సర్ కాదు, ఆ ఎర్ర మాత్ర విషమూ కాదు

ఆ వాట్సాప్ మెసేజీ మళ్లీ వచ్చింది. ఈసారి మా వీధి గ్రూపులో, పైనా కిందా సైరన్ బొమ్మలతో. పదో తరగతి బ్యాచ్ గ్రూపులోనూ, చుట్టాల గ్రూపులోనూ ఇప్పటికే చూసిందే. పాలకొల్లులో ఒక ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు తయారుచేసే పని నాది. అందుకని "ఇది నిజమేనా?" అంటూ అందరూ నాకే పంపుతున్నారు. విడివిడిగా జవాబులిచ్చే ఓపిక అయిపోయింది.

అందులో ఉన్నది ఇదీ: రక్తం రిపోర్టులో "అనైసోసైటోసిస్" అని ఉంటే బ్లడ్ క్యాన్సర్ మొదలైనట్టే. ఆక్వా చెరువుల నీళ్ల వల్ల వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే ఇంకా పెరుగుతుంది, మలం నల్లగా రావడమే సాక్ష్యం, గర్భిణులు వెంటనే మానేయాలి. బదులుగా 21 రోజులు బీట్‌రూట్ రసం తాగాలి. డాక్టర్లు ఈ సంగతి దాస్తున్నారు. 10 గ్రూపులకు పంపండి.

ముందు క్యాన్సర్ సంగతి. రక్తంలో ఎర్ర కణాలన్నీ ఒకే సైజులో లేవని చెప్పే మాట అనైసోసైటోసిస్. జబ్బు పేరు కాదు. మెషీను అదే విషయాన్ని ఆర్‌డీడబ్ల్యూ అనే అంకెగా ఇస్తుంది. మామూలుగా 11.5 నుంచి 14.5 శాతం మధ్య ఉంటుంది. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి, బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తగ్గితే పెద్దవవుతాయి. ఎముక మజ్జ జబ్బుల్లోనూ సైజులు తేడాగా ఉండొచ్చు, కాదనను. కానీ అక్కడ చాలాసార్లు తెల్ల కణాలో ప్లేట్‌లెట్లో కూడా తేడా చూపిస్తాయి, పాథాలజిస్టు ఆ సంగతి విడిగా రాస్తారు. "మైల్డ్ అనైసోసైటోసిస్" అన్న ఒక్క ముక్క చూసి క్యాన్సర్ అని తేల్చే డాక్టరు వాట్సాప్‌లో తప్ప ఎక్కడా లేడు.

చెరువుల నీళ్ల మీద నాకూ కోపముంది. మా కాలువ చూస్తే మీకూ వస్తుంది. అది వేరే గొడవ. దాన్ని ఈ మాటకు ముడిపెట్టకండి. వట్టి కాళ్లతో నేల మీద తిరిగితే ఒంట్లోకి దూరి, పేగుల్లో రక్తం పీల్చి ఐరన్ తగ్గించే కొంకి పురుగు గురించి రాసుంటే మెచ్చుకునేదాన్ని.

ఇక గర్భిణులు మాత్రలు మానేయాలన్న సలహా. నా కోపమంతా దీని మీదే.

మాత్రలు మొదలుపెట్టాక అనైసోసైటోసిస్ పెరుగుతుందని రాశారే, అది నిజం. పెరుగుతుంది. ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఐరన్ అందగానే మజ్జ సరైన సైజు కణాలు తయారుచేస్తుంది గానీ, పాత చిన్న కణాలు వెంటనే పోవు. స్వర్ణ ధాన్యం రాశిలో లావు గింజల బొండాలు కలిసినట్టు కొన్ని వారాలపాటు రెండు సైజులూ కలిసి తిరుగుతాయి. ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. అంటే మందు పట్టిందని గుర్తు. సరిగ్గా ఆ సమయంలో మానేయమంటున్నాడు మన మహానుభావుడు!

మలం నల్లబడేది ఒంటికి పట్టని ఐరన్ బయటికి పోవడం వల్ల. జబ్బు పెరిగి కాదు. (మాత్రలు వేసుకోకుండానే తారులా నల్లగా వస్తే మాత్రం ఆస్పత్రికి పరుగెత్తండి.) వికారం, మలబద్ధకం ఉంటాయి, నేనేమీ దాచడం లేదు. పడకపోతే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టీ, కాఫీలతో వద్దు. కాల్షియం మాత్ర వేరే పూటకు పెట్టుకోవాలి. నిమ్మరసంతో అయితే ఐరన్ బాగా పడుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత, 7 కన్నా తగ్గితే ప్రమాదం. కాన్పులో ఎవరికైనా ఎంతో కొంత రక్తం పోతుంది. 11 ఉన్న అమ్మాయి తట్టుకున్నంత నష్టాన్ని 6 ఉన్న అమ్మాయి తట్టుకోలేదు. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఆశా కార్యకర్త ఆ ఎర్ర మాత్రలు ఇచ్చేది. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు గారు. పుట్టింది మన భీమవరంలో. ఈ మెసేజీని జోరుగా తిప్పుతున్నదీ భీమవరం గ్రూపులే. ఇంకేం చెప్పను!

బీట్‌రూట్: 100 గ్రాముల్లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మాత్రలో ఉన్నంత కావాలంటే రోజుకు ఏడు కేజీల పైమాటే. రంగు ఎర్రగా ఉంటే రక్తం పడుతుందనుకుంటే గోరింటాకు కూడా నూరి తాగమనండి. ఆదివారం వేట మాంసంతోపాటు కాస్త కార్జం తినడం అంతకన్నా మేలు.

డాక్టర్లు దాస్తున్నారట. మీ చేతికిచ్చే కాగితం మీద అచ్చువేసి మరీ దాస్తున్నారు! అసలు అనైసోసైటోసిస్ అన్న మాటతో పనేమిటో వినండి. తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చే రక్తపు జన్యు లోపం) ఉన్నవాళ్ల రిపోర్టు పైకి ఐరన్ లోపంలాగే ఉంటుంది, ఎర్ర కణం సగటు సైజు చెప్పే ఎంసీవీ 80 కన్నా తక్కువే. కానీ ఎర్ర కణాల సంఖ్య సాధారణంగా తగ్గదు, సైజుల్లో తేడా చాలాసార్లు పెద్దగా ఉండదు. అలా కనిపిస్తే డాక్టరు హిమోగ్లోబిన్‌లో ఒక రకాన్ని కొలిచే హెచ్‌బీఏ2 పరీక్ష రాస్తారు. ట్రెయిట్ ఒక్కటే అయితే ఏళ్ల తరబడి ఐరన్ మింగి లాభం లేదు. అదే భార్యాభర్తలిద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ తలసీమియా మేజర్, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సిన జబ్బు, వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన వైపు పెళ్లికి ముందో, కనీసం గర్భం మొదటి నెలల్లోనో చేయించాల్సిన పరీక్ష ఇది. సైరన్ బొమ్మలు పెట్టాల్సింది దీనికి.