వయసు పిల్లది, సంతకం నాన్నది

మైనర్లను ఎత్తుకుపోయేవాళ్ల విషయంలో మన చట్టం మెతక అని జనం ఊరికే ఆడిపోసుకుంటారు. చట్టం చాలా శ్రద్ధగానే ఆలోచించింది. ఎవరి గురించి ఆలోచించిందన్నదే కాస్త నిదానంగా చూసుకోవాలి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 137వ సెక్షన్. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డను గార్డియన్ సమ్మతి లేకుండా ఆయన సంరక్షణలోంచి తీసుకెళ్లినా, ఆశపెట్టి రప్పించినా కిడ్నాపే. ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. పాత ఐపీసీలో మగపిల్లలకు ఈ రక్షణ పదహారుకే అయిపోయేది, ఇప్పుడు వాళ్లకీ పద్దెనిమిది చేశారు. కత్తి, మత్తుమందు, నంబరు లేని వ్యాను ఏవీ అక్కర్లేదు. బిడ్డ ఇష్టంతో అసలే పనిలేదు. బండి పోయిన కేసులో బండిని అడుగుతారా? ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో చూస్తారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కని బయల్దేరిన పదిహేడేళ్ల అమ్మాయి యాదగిరిగుట్టలో దండలు మార్చుకుందనుకోండి. నాన్న స్టేషన్‌కి పరిగెడతాడు. అక్కడ కన్నీళ్లకంటే ముందు అడిగేది టెన్త్ మెమో. వయసు తేల్చడానికి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరస పెట్టింది: ముందు స్కూలు సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అది లేకపోతే మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల ఎక్స్‌రే. ఎక్స్‌రేలో అటూ ఇటూ రెండేళ్లు తేడా రావచ్చని కోర్టులే ఒప్పుకున్నాయి. చిక్కల్లా మెమోతోనే. పిల్ల ఒక ఏడాది ముందే బళ్లో పడాలని అడ్మిషన్ రోజున కలం పోటుతో ఏడాదిన్నర వయసు పెంచిన నాన్నే, ఇవాళ “సార్, అది ఇంకా చిన్నపిల్ల సార్” అంటాడు. మెమో ప్రకారం మేజరమ్మా అంటాడు ఎస్సై. అసలు తేదీ ఉన్న జనన ధ్రువపత్రం బీరువాలోంచి తెచ్చినా, వరసలో దాని స్థానం రెండోది.

మెమో కూడా మైనరే అంటే కథ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తుంది. “నా ఇష్టంతోనే వెళ్లాను” అని అమ్మాయి వాంగ్మూలం ఇస్తుంది. దాని విలువ సగమే. పద్దెనిమిదికి దగ్గరపడ్డ కాలేజీ అమ్మాయి తనే ఫోన్ చేసి రమ్మన్నప్పుడు వెంట ఉండటం వేరు, తీసుకెళ్లడం వేరు అని 1964లో వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు అంది. బలవంతం, మోసం లేకపోయినా నచ్చజెప్పి మనసు మళ్లిస్తే చాలు, నేరమే అని 1972లో రాజారాం కేసులో అదే కోర్టు అంది. కాబట్టి “వెళ్లిపోదాం” అనే మొదటి వాట్సాప్ మెసేజ్ ఎవరు పెట్టారన్నదాని మీద ఏడేళ్లు ఆధారపడి ఉంటాయి. ఇష్టం లేని పెళ్లికి బలవంతపెట్టడానికే తీసుకెళ్లాడని తేలితే న్యాయ సంహిత 87వ సెక్షన్ కింద పదేళ్ల దాకా.

ఇక అసలు ముచ్చట. గార్డియన్ దగ్గర్నుంచి తీసుకొచ్చి మైనరుకు చేసిన పెళ్లి మొదట్నుంచే చెల్లదంటుంది 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం, 12వ సెక్షన్. బాగుంది. అదే అమ్మాయికి, అదే పదిహేడో ఏట, నాన్నే కార్డులు కొట్టించి, నాగోల్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడి, ముప్పై ఏళ్లాయనకి కట్టబెడితే? ఆ పెళ్లి చెల్లుతుంది. వద్దనుకుంటే అమ్మాయే కోర్టుకెక్కి రద్దు చేయించుకోవాలి, మేజరయ్యాక రెండేళ్లలోపు. మైనరుగా ఉండగానే వెయ్యాలంటే పిటిషన్ గార్డియనో నెక్స్ట్ ఫ్రెండో (మైనరు తరఫున కోర్టుకెక్కే పెద్దమనిషి) వెయ్యాలి, పక్కన బాల్య వివాహ నిషేధ అధికారి ఉండాలి. గార్డియన్ ఎవరయ్యా అంటే, పెళ్లయిన మైనరు అమ్మాయికి సహజ గార్డియన్ భర్త అని 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం ఆరో సెక్షన్‌లో ఇంకా రాసి ఉంది. అంటే భర్త వద్దని భర్తే దయతో పిటిషన్ వేసి పెట్టాలన్నమాట. నాన్నకి శిక్ష మహా అయితే రెండేళ్లు, లక్ష జరిమానా. అమ్మకైతే జైలే లేదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ఇద్దరు పెళ్లికొడుకుల మీదా ఒకటే, కాదనను. కానీ నాన్న చేసిన పెళ్లిలో ఫిర్యాదు ఇవ్వాల్సినవాళ్లంతా బంతిలో కూర్చుని ఉంటారు.

సిగ్నళ్ల దగ్గరా ఇదే మర్యాద. పిల్లతో అడుక్కు తినిపించేవాడు గార్డియన్ కాకపోతే ఎత్తుకొచ్చాడనే చట్టం అనుకుంటుంది, కనీసం పదేళ్లు. గార్డియనే అయితే ఆ అనుమానం అతన్ని తాకదు, బాలల న్యాయ చట్టం కింద గరిష్ఠంగా ఐదేళ్లు.

నాన్న సంతకం పనిచేయని చోటు ఒకటుంది, పాపం. పెళ్లికి ముందే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే అధికారులు మేజిస్ట్రేటు నుంచి నిషేధ ఉత్తర్వు తేవచ్చు. అది ఉండగా కట్టిన తాళి బాల్య వివాహ నిషేధ చట్టం 14వ సెక్షన్ ప్రకారం చెల్లదు, ఎవరు సంతకం పెట్టినా సరే. ఈ సంగతి తెలిసిన పెద్దమనుషులు కార్డులు దగ్గరివాళ్లకే పంచి, ముహూర్తం ఆదివారం తెల్లవారుజామున నాలుగుంపావుకి పెట్టిస్తారు. కోర్టు సోమవారం పదిన్నరకి గానీ తెరవదు.