ఆ నీటిమట్టం ఏ పొరది?
గోదావరి లోయలోని బొగ్గు ప్రాంతాల భూగర్భ జలాలపై నేను చదివిన ఒక వ్యాసంలో పరిశీలక బావుల (నీటిమట్టం కొలవడానికి తవ్విన బోరుల) మట్టాలను వరుసగా ఇచ్చారు గాని, ఆ బావులు ఏ లోతులో, ఏ పొరకు తెరిచి ఉన్నాయో చెప్పలేదు. నా దృష్టిలో అసలు విషయం అదే. తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైట్ నేల కాబట్టి, పైనున్న మెత్తటి పొర దాటేవరకు కేసింగ్ (బోరు గోడ కూలకుండా పెట్టే గొట్టం) దించి, కింది రాతిని అలాగే వదిలేయడం మన బోరు పనివారికి అలవాటు. ఈ బొగ్గు ప్రాంతాల్లో ఉండే గోండ్వానా ఇసుకరాయిలో అలా వదిలేస్తే, నీటిని సులభంగా పోనివ్వని షేల్ అనే బంకమట్టి రాతి పొరల మధ్య విడివిడిగా ఉన్న జలస్తరాలన్నీ (నీరుండే పొరలన్నీ) ఒకే రంధ్రంలో కలిసిపోతాయి. అప్పుడు కొలిచే మట్టం ఏ ఒక్క స్తరానిదీ కాదు, పైగా పై పొరలోని కాలుష్యం కిందికి దిగడానికి మనమే దారి చేసినట్టవుతుంది.

అందుకే చిల్లుల గొట్టాన్ని ఎంచుకున్న ఒక్క స్తరానికే ఎదురుగా నిలిపి, దాని చుట్టూ కడిగిన చిన్న గులకరాళ్లను సన్నటి పైపు ద్వారా అడుగు నుంచి పోస్తూ, బరువు కట్టిన టేపుతో ఎంత ఎత్తు నిండిందో మాటిమాటికీ చూసుకోవాలి. దానిపై బెంటొనైట్ అనే బంకమట్టి గుళికలు వేసి, అవి నీటిని పీల్చి ఉబ్బేదాకా ఆగిన తర్వాతే సిమెంటు ద్రవం నింపాలి. రిగ్గు ఖాళీగా నిలిచిన ప్రతి గంటా ఖర్చే కాబట్టి, తొందరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. బురద ద్రవంతో తవ్విన బోరులో గోడకు అంటిన పూతను గాలి ఒత్తిడితో వదిలించి, నీరు తేటపడ్డాకే కొలతలు మొదలుపెట్టాలి.

వ్యాసకర్త ప్రతి బావికీ చిల్లుల గొట్టం లోతును, తవ్వకంలో తగిలిన రాతి పొరల వివరాన్ని జోడిస్తే ఆ అంకెలను నమ్మకంతో చదవగలం.