మహారాజశ్రీ రోమన్ కాంక్రీటు గారికి

అయ్యా,

మా సైట్‌లో ఏ స్లాబు నుంచి చుక్క నీరు కారినా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముందుగా ప్రత్యక్షమయ్యేది తమరి ఫొటోనే. "రెండు వేల ఏళ్లు! మన ఇంజనీర్లు కూడా ఉన్నారు, ఎందుకూ?" అని కింద ఒక వాత. తిని తిని విసుగొచ్చి తమరి పుట్టుపూర్వోత్తరాలు కాస్త ఆరా తీశాను.

రోములో తమరితో కట్టిన పాంథియన్ అనే పాతకాలపు గుడి గోపురానికి దండం పెట్టాల్సిందే. 43 మీటర్ల వెడల్పు, లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు. కింద బరువైన రాయి, పైకి పోయేకొద్దీ తేలికది, చిట్టచివర అగ్నిపర్వతపు నురగరాయి. మందం కూడా అడుగున 6 మీటర్లు దాటితే పైన మీటరు పైచిలుకే. ఇనుము లేదు కనుక తుప్పు లేదు, మా స్లాబుల్లా పెచ్చులూడే బాధా లేదు. సముద్రంలోనూ తమరు గట్టివారే. పాలస్తీనా తీరంలో సిసేరియా రేవు కట్టడానికి యూదయ రాజు హేరోదు, తమరిలో సున్నంతో కలిపే అగ్నిపర్వతపు బూడిదను ఇటలీలోని నేపుల్స్ అఖాతం నుంచి ఓడల మీద తెప్పించుకున్నాడు.

ఇంతవరకూ గ్రూపులో అందరికీ తెలుసు. మరి ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ గారి మాట ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరేం? తమరి బూడిదను నోరారా పొగిడిన మనిషే, రోములో కట్టడాలు కూలడానికి ముఖ్య కారణం సున్నం దొంగతనం అని రాసిపెట్టాడు. సున్నాన్ని తడిపి మూడేళ్లు మాగబెట్టకుండా కాంట్రాక్టరు వాడకూడదని పాతకాలం రూలు కూడా ఉండేదట. రూలు పెట్టారంటేనే తెలియడం లేదూ, అప్పటి కాంట్రాక్టర్ల సంగతి! క్రీ.పూ. 44లో రోమన్ రాజకీయ నాయకుడు సిసిరో తన స్నేహితుడికి రాసిన ఉత్తరం ఇంకా బాగుంటుంది. ఆయన కొట్లు రెండు కూలాయి, మిగతావి బీటలిచ్చాయి, అద్దెకున్నవాళ్లతో పాటు ఎలుకలు కూడా ఖాళీ చేశాయి. పెద్దమనిషి బెంగ పెట్టుకోలేదు సరికదా, ఈ నష్టాన్నే లాభం చేసుకునే ప్లాను తయారవుతోందన్నాడు. ఇలాంటి బిల్డర్లు నాకూ తెలుసు.

కూలినవాటికి ఫొటోల్లేవు. చక్రవర్తి డబ్బుతో, చక్రవర్తి భయంతో కట్టినవి నిలబడ్డాయి. తమరు వాటి పక్కన నిలబడి రెండు వేల ఏళ్లుగా సన్మానాలు చేయించుకుంటున్నారు.

తమరిలో తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తే, కలిపేవాళ్ల బద్ధకమే అనుకున్నారు చాలాకాలం. 2023లో వచ్చిన పరిశోధన, పొడి సున్నాన్ని వేడిగా కలపడం వల్ల మిగిలినవే ఆ గడ్డలనీ, పగుళ్లలోకి నీరు దిగితే అవి కరిగి, మళ్లీ గట్టిపడి పగులును పూడుస్తాయనీ చెప్పింది. ఈ సంగతి దయచేసి మా మేస్త్రీ చెవిన పడనివ్వకండి. రేపటి నుంచి కంకర తేలిన ప్రతి స్తంభానికీ ఇదే సాకు చెబుతాడు.

ఇక పేరు సంగతి. పాంథియన్ ముఖం మీద "కట్టించినది అగ్రిప్ప" అని ఉంటుంది. ఆయన కట్టించింది అక్కడి పాత గుడి. ఇప్పుడున్న గుడి పూర్తయ్యేనాటికి ఆయన పోయి వందేళ్లు దాటింది, కట్టించింది హేడ్రియన్ చక్రవర్తి. ఆ కాలపు ఇటుకల మీద బట్టీ ఆసాముల ముద్రలు కూడా ఉంటాయి. తట్టలు మోసిన బానిసల పేర్లు ఆ గోడల మీద ఎక్కడా లేవు.

ఇట్లు,
పేరు చెప్పుకోలేని ఒక సైట్ ఇంజనీరు

తా.క.: తమరి గోపురం నడినెత్తిన 8 మీటర్ల పైచిలుకు కంత ఉంది. వాన నేరుగా లోపలికే పడుతుంది, నీళ్లు పోవడానికి నేలలో కన్నాలు పెట్టారు. దాన్ని చూడ్డానికి జనం టికెట్ కొంటున్నారు. మా దగ్గర అరచేతిలో పట్టేంత తడి మరక కనిపిస్తే మెయింటెనెన్స్ కట్టడం మానేస్తున్నారు.