యాసను దిద్దితే మర్యాద వస్తుందా?

బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్ 2005లో మొదలుపెట్టిన ‘లాడెట్ టు లేడీ’ (అంటే అల్లరి పిల్ల నుంచి కులీన మహిళగా) అనే రియాలిటీ షో పాత భాగాలు ఈమధ్య చూసినప్పటి నుంచి నా మనసు కుదుటపడటం లేదు. తాగుతారనీ, పెద్దగా అరుస్తారనీ పేరుపడ్డ మామూలు ఇళ్ల అమ్మాయిలను ఎంపిక చేసి, డరమ్ కౌంటీలోని ఎగ్లెస్టన్ హాల్ అనే పాత భవంతికి తీసుకెళ్లి, ట్వీడ్ అనే ముతక ఉన్ని బట్టతో కుట్టిన పెద్దింటి దుస్తులు తొడిగి, పూలు అమర్చడం, వంట, కుట్టుపని, నడక, ఉచ్చారణ నేర్పించి, వెనకబడినవారిని ఒక్కొక్కరిగా ఇంటికి పంపించేస్తారు.

అన్నిటికంటే నన్ను బాధించేది ఆ ఉచ్చారణ పాఠమే. అమ్మ ఒడిలో నేర్చుకున్న పలుకే తప్పని చెబుతుంటే, ఆ పిల్ల పెదవులు గుండ్రంగా చుట్టి ఒకే అచ్చును మళ్లీ మళ్లీ పలకాలి. కెమెరా మాత్రం ఆమె ముఖాన్ని వదలదు. యాసను వెక్కిరిస్తే ఎంత నొప్పి కలుగుతుందో తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ వాళ్లకు వేరే చెప్పాలా?

కులీన యువతులను రాణి కొలువులో పరిచయం చేసే ఆనవాయితీ 1958లోనే ముగిసింది. ఆ కుటుంబాలే వదిలేసిన వేషాన్ని దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత కష్టపడి బతికే ఆడపిల్లలకు తగిలించి, అది కుదరలేదని నలుగురి ముందు నిలబెట్టి వెళ్లగొట్టడం ఏం మర్యాద? అదే ఛానల్ అల్లరి మగపిల్లల కోసం ‘బ్యాడ్ లాడ్స్ ఆర్మీ’ పెట్టి, 1950ల నాటి సైనిక శిక్షణ ఇప్పించింది. ఆడపిల్లల వంతు వచ్చేసరికి మాత్రం బాగుపడటమంటే సూదీ దారమూ, పూలకుండీ అయిపోయాయి.