సర్వర్ల సంగతి సరే, కౌంటర్ దగ్గర మాటేంటి?

ఆసుపత్రుల సర్వర్లకు గట్టి భద్రత పెడితే రోగుల వివరాలు బయటికి పోవని ఒక వ్యాసంలో చదివాను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగి పనంతా కాగితాల మీద నడపాల్సి వచ్చింది కాబట్టి ఆ మాట కాదనను. కానీ మా గుంటూరు కొత్తపేట వైపు కొన్ని ఆసుపత్రుల్లో చూడండి, పేరు, వయసు, ఏం జబ్బో హాలంతా వినపడేలా అడుగుతారు, ల్యాబ్ రిపోర్టులు కుప్పగా పెట్టి ఎవరివి వాళ్లని వెతుక్కోమంటారు, స్కానింగ్ ఫొటోలు స్టాఫ్ సొంత వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. బయటి నుంచి కంప్యూటర్లలోకి చొరబడకుండా అడ్డుకునే ఫైర్‌వాల్ దీన్నెలా ఆపుతుంది? పెళ్లి కావాల్సిన అమ్మాయి రిపోర్టు తెలిసినవాళ్ల కంట పడితే ఆ ఇంట్లో ఎంత టెన్షనో ఆలోచించండి. హెచ్‌ఐవీ సంగతి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది, 2023 డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాశారు. అవి కౌంటర్‌లో కూర్చునే పిల్లలకు ఎవరు చెప్పారు? వాళ్లని తిట్టి లాభం లేదు, జనం ఒకేసారి మీద పడుతుంటే అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో లాక్కొస్తున్నారు. ముందు ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఇవ్వండి, సరిగ్గా శిక్షణ ఇవ్వండి, జబ్బు గురించి అడగడానికి కాస్త చాటున్న చోటు చూపించండి.