సవరణ: విండోస్ తనే రిజిస్ట్రీ బ్యాకప్ తీస్తుందని రాసింది తప్పు

మొన్న ఆదివారం పోస్టులో, రిజిస్ట్రీలో (విండోస్, ప్రోగ్రామ్‌ల సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఏం మార్చినా భయం లేదు, విండోస్ తనంతట తనే కాపీ తీసి సిస్టమ్32 లోపల కాన్ఫిగ్ కింద రెగ్‌బ్యాక్ ఫోల్డర్లో పెట్టుకుంటుంది అని రాశాను. అది తప్పు, పాత సంగతిని ఇప్పటికీ ఉన్నట్టు చెప్పేశాను. గాజువాకలో సిస్టమ్స్ రిపేర్ చేసే తమ్ముడొకడు చదివి, అన్నా నా దాంట్లో ఆ ఫైల్స్ అన్నీ 0 కేబీ చూపిస్తున్నాయేంటి అని అడిగాడు, నాది తెరిచి చూస్తే నాదీ అంతే.

విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి ఆ ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేశామని మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్తున్నారు, డిస్క్‌లో జాగా మిగల్చడానికట. బదులుగా రీస్టోర్ పాయింట్ వాడుకోమన్నారు, అంటే తేడా వస్తే సిస్టమ్‌ని వెనక్కి తీసుకెళ్ళడానికి ముందే తీసి పెట్టుకునే కాపీ. కాబట్టి ముందు సీ డ్రైవ్‌కి సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఆఫ్‌లో ఉంటే రీస్టోర్ పాయింట్ పడదు, ఆన్ చేసి ఒకటి పెట్టుకున్నాకే రెగ్‌ఎడిట్ (రిజిస్ట్రీని మార్చే టూల్) తెరిచి, మార్చబోయే కీ (అందులో ఫోల్డర్ లాంటిది) మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి.

ఇంకోటి, ఎక్స్‌పోర్ట్ ఫైల్ డబుల్ క్లిక్ చేస్తే అంతా మునుపటిలా అయిపోతుందని కొందరు అనుకున్నారు, నేను సరిగ్గా విడమర్చలేదు. అది పాత వేల్యూస్‌ని తిరిగి రాస్తుంది అంతే, మధ్యలో మీరు కొత్తగా చేర్చినవాటిని తియ్యదు, అవి చేత్తో డిలీట్ చెయ్యాల్సిందే. ఏం చేర్చారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నా మాట నమ్మి బ్యాకప్ లేకుండా ఇప్పటికే మార్చేసినవాళ్ళు ఉంటే, సిస్టమ్ బాగా నడుస్తుండగానే ఈరోజే ఒక రీస్టోర్ పాయింట్ పెట్టెయ్యండి.