నష్టంలో 2 శాతం

మా ఇల్లు కంచరపాలెంలో, రెండో అంతస్తు. బాల్కనీలో ఒక పక్క అమ్మ గుమ్మడి వడియాలు ఎండుతుంటాయి, ఇంకో పక్క నాన్న బ్యాటింగ్ ప్యాడ్లు ఎండుతుంటాయి, మధ్యలో సరిహద్దు గొడవ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. నాన్న షిప్‌యార్డులో రిటైరయ్యేక మా వీధి క్రికెట్ క్లబ్బుకి సెక్రటరీ అయ్యేడు. అంటే ఎవరూ ఎన్నుకోలేదు, కిట్ బ్యాగ్ మా బెడ్రూం తలుపు వెనకాల ఉంటుంది కాబట్టి ఆయనే సెక్రటరీ. అమ్మ 18 ఏళ్లుగా పొదుపు గ్రూపు లీడరు. మొన్నాదివారం టిఫిన్ల దగ్గర జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఏమీ కలపలేదు, కొన్ని తిట్లు తీసేసేను అంతే.

నాన్న: ఇద్దరూ ఓసారి వినండి. టు, ది మేనేజింగ్ డైరెక్టర్. రెస్పెక్టెడ్ సర్. వియ్ ఆర్ ది వెరీ ఫేమస్ క్రికెట్ క్లబ్...

అమ్మ: ఎక్కడ ఫేమసు?

నాన్న: మన వీధిలో.

అమ్మ: ఆ, కింద పోర్షన్ వాళ్ల కిటికీ అద్దం బద్దలయ్యేక మరీ ఫేమస్సు. ఏటడిగేరు ఇంతకీ?

నాన్న: 3 లక్షలు.

అమ్మ: నెమ్మదిగా చెప్పండి, అట్టు మాడిపోతాది.

నాన్న: ఎక్కువేం కాదే. మ్యాటింగు, రెండు నెట్లు, లెదర్ బంతులు 2 డజన్లు, జెర్సీలు 15, టోర్నమెంటుకి క్యాష్ ప్రైజు, ఫైనల్ రోజు బిర్యానీ 60 ప్యాకెట్లు.

అమ్మ: 11 మంది ఆడే ఆటకి 60 బిర్యానీలా?

నాన్న: సపోర్టర్లుంటారు కదా.

అమ్మ: బిర్యానీ ఉంటే ఉంటారు మరి. ఎవడండీ ఇస్తాడు ఇవన్నీ?

నాన్న: ఎవడేంటి, చట్టం ఉంది! 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135. 500 కోట్ల నెట్‌వర్త్ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ ఏదైనా సరే, వెనకటి 3 ఏళ్ల లాభం సగటు తీసి, అందులో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాల్సిందే. సీఎస్సార్ అంటారు. అందులో ఆటలు కూడా ఉన్నాయి. మన విశాఖపట్నం వైపు కంపెనీలకేం తక్కువ, అటు గాజువాక నించి ఇటు పరవాడ దాకా పొగ గొట్టాలే. పైగా చుట్టుపక్కల ఊళ్లకే ముందు చూడమని చట్టంలోనే రాసుంది.

(ఇక్కడ నాన్నని మెచ్చుకోవాలి. ఆయన చెప్పినవన్నీ కరెక్టే. కరెక్టు మాట చెప్పి తప్పు పని చేయడంలో మా నాన్నకి తిరుగు లేదు.)

అమ్మ: ఏ కంపెనీకి రాసేరు?

నాన్న: మా పాత ఫ్రెండు ఉన్నాడు కదా, వాళ్ల కంపెనీకి.

అమ్మ: వాళ్లకి జీతాలు రెండు నెలలు లేటని మొన్న పెళ్లిలో ఆవిడ ఏడ్చింది కదేటి నా దగ్గర?

నాన్న: అవును పాపం, నష్టాల్లో ఉందిట.

అమ్మ: లాభంలో 2 శాతం ఇవ్వాలన్నారు. నష్టంలో 2 శాతం ఎంతండీ?

నాన్న: ...

అమ్మ: లెక్క చూస్తే మీరే వాడికి బాకీ పడేట్టున్నారు. క్లబ్బు తరఫున ఓ వెయ్యి పంపీండి, పుణ్యం వస్తాది.

నాన్న: నువ్వు అట్టు వేసే మనిషివి అట్టు వెయ్యి. ఇంకో కంపెనీకి రాస్తాను. కావాలంటే జెర్సీ మీద వాళ్ల బొమ్మ వేస్తాం, గ్రౌండు చుట్టూ వాళ్ల ఫ్లెక్సీలు కడతాం అని కూడా రాసేను చూడు, ఇక్కడ, అండర్‌లైన్ చేసి మరీ.

ఇక్కడ నేను నోరు తెరిచేను. నేను పనిచేసేది ఒక ఆడిటర్ గారి ఆఫీసులో, నాన్నకి ఆ సంగతి రిటర్నులు వేసే జులైలో మాత్రమే గుర్తుంటుంది. నాన్నా, పేరు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్సార్ లెక్కలోకి రాదు, రూల్స్‌లో తీసేసేరు, నువ్వు అండర్‌లైన్ చేసిన ముక్కే ఫైలుని చంపేస్తుంది అన్నాను. పైగా చట్టంలో ఉన్న మాట ఆటల కోసం శిక్షణ. బిర్యానీ శిక్షణ కిందకి రాదు.

నాన్న: అయితే బొమ్మ వెయ్యకపోతే ఎవడిస్తాడే!

అమ్మ: రెండూ వేరు వేరండీ, అర్థం కాలేదా? బొమ్మ కావాలన్నవాడు సందు చివర స్వీట్ షాపువాడు. వాడి దగ్గర జెర్సీలు తీసుకోండి, ఛాతీ మీద వాడి మడుగుల హల్వా బొమ్మ వేసుకోండి. అది వాడి యాపారం ఖర్చు. పెద్ద కంపెనీ దగ్గర బొమ్మ మాటెత్తకండి, పిల్లలకి కోచింగు, నెట్లు, మ్యాటు, అది అడగండి.

నాన్న: హల్వా బొమ్మేసుకుని బౌలింగ్ చేస్తే బ్యాట్స్‌మెన్ నవ్వుతాడు.

అమ్మ: నవ్వితే ఔటవుతాడు. మంచిదే కదా.

(ఆ తరవాత 5 నిమిషాలు ఎంపీ నిధుల మీద నడిచింది. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి ఒక్క మాట చెప్తే చాలు అని నాన్న, ఆ డబ్బు ఎవరి చేతికీ ఇవ్వరు కలెక్టర్ గారి ద్వారా కట్టడం పని చేయిస్తారు, మీకు గ్లౌజులు కొనిపెట్టరు అని అమ్మ. వాళ్ల గ్రూపు కమ్యూనిటీ హాలు కోసం 4 ఏళ్లు తిరిగింది, ఆ రూల్సు ఆవిడకి విష్ణుసహస్రనామంలా వచ్చు.)

అమ్మ: ఇంతమందిని అడగడం దేనికి, బీసీసీఐ దగ్గర మూలుగుతున్నాయి కదా డబ్బులు, వాళ్లనే అడగొచ్చు కదా.

నాన్న: అలా రాదే. బీసీసీఐ నించి మన ఆంధ్రా అసోసియేషన్‌కి, అక్కణ్ణించి జిల్లా అసోసియేషన్‌కి, దాంట్లో చేరి లీగ్ ఆడే క్లబ్బులు ఉంటాయి. మనం అందులో లేం.

అమ్మ: అంటే మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నిండా నీళ్లున్నాయి, మన కొళాయికే కనెక్షన్ లేదు.

నాన్న: కరెక్టుగా చెప్పేవు.

అమ్మ: కనెక్షన్‌కి అప్లికేషన్ పెట్టేరా?

నాన్న: పెట్టాలంటే క్లబ్బు రిజిస్టరవ్వాలి.

అమ్మ: అవ్వలేదా?

నాన్న: లేదు.

అమ్మ: పాన్ కార్డు?

నాన్న: నాది ఉంది.

అమ్మ: మీది కాదు, క్లబ్బుది. బ్యాంకు ఖాతా?

నాన్న: నా ఫోన్‌పే నంబరే ఇచ్చేను లెటర్‌లో.

అట్లకాడ పెనం మీద పెట్టి అమ్మ వెనక్కి తిరిగింది. అలా తిరగడం నేను ఇంతకు ముందు ఒక్కసారే చూసేను, గ్రూపులో ఒకావిడ లోను కిస్తీలు 3 నెలలు ఎగ్గొట్టినప్పుడు.

అమ్మ: కోట్ల కంపెనీ వాడు, ఆడిట్లూ గీడిట్లూ ఉన్నవాడు, 3 లక్షలు తీసి మీ ఫోన్‌పేకి కొడతాడా? టింగుమని మోగుతాదా? వాడికి పిచ్చా మీకు పిచ్చా?

నాన్న: 2005 నించి నడుపుతున్నామే క్లబ్బు! ఏప్రిల్ 5, ధోనీ మన మధురవాడ దగ్గర స్టేడియంలో పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టిన రోజు. నేను ఎండలో కూచుని చూసేను. ఆ రాత్రే కుర్రాళ్లం అందరం కలిసి క్లబ్బు పెట్టేం.

అమ్మ: అప్పటికి మీకు 40 దాటేయి, కుర్రాళ్లం ఏటి. ఆ రోజు నాకు 102 జ్వరం. బుజ్జికి హోంవర్కు. ఆఫీసులో అర్జెంటు పనుందని చెప్పి పోయేరు మీరు.

నాన్న: 20 ఏళ్లయింది, ఇంకా మర్చిపోవా?

అమ్మ: మీరు 148 మర్చిపోయేరా? నేను 102 ఎందుకు మర్చిపోతాను?

(ఈ స్కోరుకార్డు మా ఇంట్లో నెలకోసారైనా బయటికొస్తుంది. 2023 మార్చిలో ఇక్కడే ఆస్ట్రేలియా మీద మనవాళ్లు 117కి ఆలౌటయ్యి, వాళ్లు 11 ఓవర్లలో కొట్టేసిన రోజున కూడా అమ్మ, నా ఉసురు తగిలింది అంది.)

అమ్మ: సరే, 2005 నించి ఉందన్నారు. కాగితం చూపించండి.

నాన్న: కాగితమేంటి, ట్రోఫీలున్నాయి కదా అటక మీద.

అమ్మ: ట్రోఫీలకి ఆడిట్ చేస్తారా? బుజ్జీ, నువ్వు చెప్పవే.

నేను చెప్పేను. మన దగ్గర సొసైటీల చట్టం 2001 ప్రకారం కనీసం 7గురు కలిసి సంతకాలు పెట్టాలి, బైలాస్ అంటే క్లబ్బు నియమాలు రాయాలి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవ్వాలి. తరవాత పాను, బ్యాంకు ఖాతా. ఆ తరవాత ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ల దగ్గర 12ఏ, 80జి అని అందరూ పిలిచే రెండు కాగితాలు, ఒకటి ధర్మసంస్థగా నమోదు, రెండోది ఇచ్చేవాళ్లకి పన్ను తగ్గే అనుమతి. అవి వచ్చేక సీఎస్సార్-1 అని ఒక ఫారం, 2021 ఏప్రిల్ నించి అది లేకపోతే కంపెనీలు తమ సీఎస్సార్ పని అప్పజెప్పడానికి లేదు. దాని మీద ఆ పనిలో 3 ఏళ్ల అనుభవం కాగితాల్లో కనిపించాలి. ఇచ్చేవాడు కంపెనీ కాక మామూలు మనిషైతే ఆ రెండో కాగితం వల్ల పన్ను తగ్గుతుంది కానీ 2000 దాటి నగదు ఇస్తే తగ్గదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాడికి అసలే తగ్గదు.

నాన్న: 3 ఏళ్లా! ఈ లోపు మా ఓపెనర్‌కి పెళ్లయిపోతుంది.

అమ్మ: 20 ఏళ్ల క్రితం మొదలెట్టుంటే ఇప్పటికి ఆరుసార్లు అయ్యేది ఆ 3 ఏళ్లు. అప్పుడు కాగితం అంటే నవ్వేరు. చవితి చందాలాగ రసీదు పుస్తకం కొట్టించి ఇంటింటికీ తిరిగేరు. అదైనా ఉందా?

నాన్న: ఆ పుస్తకం... వానలో తడిసింది.

అమ్మ: తడవలేదు. సగం కాగితాల్లో మురీ మిక్చర్ కట్టించుకు తిన్నారు మీ కుర్రాళ్లు, నేను చూసేను.

నాన్న: సరే సరే, 7గురే కదా. ఒకటి నేను. రెండు మా కోచ్ బావ. మూడు ఎదురింటి మాస్టారు. నాలుగు పాలబూత్ ఆయన. ఐదు... సూరిగాడు.

అమ్మ: సూరిగాడు ఇంటర్. సంతకానికి 18 నిండాలి.

నాన్న: అయితే వాళ్ల నాన్న. ఐదు. ఆరు బుజ్జి!

నేను: నన్నెందుకు? చిన్నప్పుడు బ్యాటు పట్టుకుంటే స్కోరు రాయమని కూచోబెట్టేవాడివి.

నాన్న: అందుకే తల్లీ, నీ చేతిరాత బాగుంటుంది.

అమ్మ: ఏడు?

నాన్న గరిటెతో పల్లీల చట్నీ వేసుకుని, మళ్లీ వేసుకుని, ఆ గరిటెని గిన్నెలో చాలా జాగ్రత్తగా నిలబెట్టి, అమ్మ వైపు చూసేడు.

నాన్న: నువ్వు పెట్టీయే సంతకం.

అమ్మ: నేనెందుకు పెడతాను? మొన్న ఆ బ్యాటుకి పూసిందేటి?

నాన్న: అవిసె నూనె దొరకలేదు.

అమ్మ: అందుకని పులిహోరకి తెచ్చిన నువ్వుల నూనె అరసీసా పూసీసేరు. బ్యాటుకి శనిదోషం ఏటైనా ఉందా?

నాన్న: అదే రోజు దాంతో సూరిగాడు 50 కొట్టేడు తెల్సా.

అమ్మ: సంతకం పెడతాను. కానీ పెడితే ట్రెజరర్‌గా పెడతాను, ఉత్తినే పెట్టను. ప్రతి రూపాయీ ఖాతాలో పడాలి, తీయాలంటే ఇద్దరి సంతకాలుండాలి. నెలకో మీటింగు, మినిట్స్ పుస్తకం, రానివాడికి 10 రూపాయల ఫైను. మా గ్రూపులో 10 మందిమి ఇలాగే నడిపేం, బ్యాంకు మేనేజర్ లేచి నిలబడి లోనిచ్చేడు. ఇంకోటి, బైలాస్‌లో ఆడపిల్లల కోచింగ్ అని రాయాలి.

నాన్న: మన వీధిలో ఆడపిల్లలు ఎవరాడతారే?

అమ్మ: వరల్డ్ కప్పులో కడప అమ్మాయి శ్రీచరణి బౌలింగ్ చూసి మా మీటింగులో నలుగురు తల్లులు అడిగేరు, మీ ఆయన నేర్పుతాడా అని. నేర్పడం రాదుగానీ నూనె పూయడం వచ్చు అని చెప్పేను.

నాన్న: వచ్చు! నేర్పడం కూడా వచ్చు. చూడవే బుజ్జీ, ఎలా మాట్లాడుతుందో.

నేనేం మాట్లాడలేదు. నాకు 29 ఏళ్లు, ఆఫ్ స్పిన్ వెయ్యాలని చిన్నప్పట్నించీ ఉంది, అది ఇప్పుడు చెప్పే టైము కాదనిపించింది.

అమ్మ గోడ అలమరాలోంచి వాళ్ల గ్రూపుది మిగిలిపోయిన పాత లాంగ్‌బుక్ తీసింది, వాడిన పేజీలు చింపేసి, మొదటి పేజీ పైన పసుపు రాసి, శ్రీరామ రాసి, తేదీ వేసి, హాజరు 3 అని రాసింది. క్లబ్బు పేరు దగ్గర ఆగేరు ఇద్దరూ. 20 ఏళ్లలో టీమ్ పేరు 5 సార్లు మారిందిట, ప్రతి ట్రోఫీ మీదా వేరే పేరుంది. పేరు ఖాళీ వదిలేసి అమ్మ కింద గీత కొట్టి ఖర్చులు అని రాసింది.

నాన్న: అప్పుడే ఖర్చులేంటి, ఇంకా పైసా రాలేదు!

అమ్మ: బాకీలు ముందు రాయాలి. నువ్వుల నూనె, అరసీసా. కింద పోర్షన్ అద్దం. బెడ్రూంలో కిట్ బ్యాగ్ అద్దె, 20 ఏళ్లకి.

నాన్న: నేనొప్పుకోను! ఇది అన్యాయం, ఇది సెక్రటరీ మీద కక్ష.

అమ్మ: ఒప్పుకోకపోతే ఓటింగు. బుజ్జీ, ఎటు?

నాన్న నా వైపు చాలా దీనంగా చూసేడు. అమ్మ నా కంచంలో ఇంకో పెసరట్టు వేసింది, ఉల్లిపాయ, అల్లం దట్టంగా. నేను చెయ్యెత్తేను.